పైపుకి నీటి తొడుగు: బ్యాక్టీరియాను చంపకుండా ఆపే పూతల సంగతి

నెల్లూరు పెద్దాసుపత్రి దగ్గర మెడికల్ షాపుల్లో యూరిన్ పైపు కావాలని అడిగితే కౌంటర్ మీద రకరకాలు పెడతారు. లేటెక్స్‌ది చవక, సిలికాన్‌ది ఖరీదు, ఆ పైన ఇంకో రకం ఉంటుంది, ప్యాకెట్ మీద హైడ్రోఫిలిక్ కోటెడ్ అని రాసి ఉంటుంది, అది మరీ ఖరీదు. "ఇది తీసుకోండి సార్, ఇన్ఫెక్షన్ రాదు" అంటాడు కౌంటర్లో కుర్రాడు. లోపల మంచం మీద మన మనిషి ఉన్నప్పుడు బేరమాడే ఓపిక ఎవరికుంటుంది, తీసుకుని పరిగెత్తుతాం. ఆ కుర్రాడి మాటలో సైన్సు ఎంత, అమ్మకం ఎంత అనేది విడదీద్దామనే ఇది రాస్తున్నా. సైన్సు పాలు తక్కువేమీ కాదు, అదే ముందు చూద్దాం.

హైడ్రోఫిలిక్ అంటే నీటిని దగ్గరికి లాక్కుని వదలనిది. ఇక్కడే చాలామందికి తికమక. తడి ఉన్నచోటే క్రిములు పెరుగుతాయి, పొడిగా ఉంచుకోండి అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా, మరి తడిని పట్టి ఉంచే పూత వేస్తే క్రిములు ఎలా ఆగుతాయి? తామరాకులాగా అసలు తడే అంటని పూత వేయొచ్చు కదా? ఆ దారీ తొక్కి చూశారు. తామరాకు గుట్టు ఏమిటంటే, దాని మీద మైనం పట్టిన అతి సన్నటి బుడిపెలుంటాయి, వాటి మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది, నీటిబొట్టు ఆ గాలి మీద నిలబడి జారిపోతుంది. అప్పుడప్పుడూ చినుకులు పడే ఆకుకి అది చాలు. ఒంట్లో పెట్టిన పైపు మాత్రం రోజుల తరబడి మూత్రంలోనో రక్తంలోనో మునిగే ఉంటుంది. నెమ్మదిగా ఆ గాలి పోతుంది, తర్వాత మిగిలేవి బుడిపెలూ వాటి మధ్య సందులూ, బ్యాక్టీరియా దాక్కోవడానికి అంతకన్నా ఏం కావాలి.

మామూలు సిలికాన్ కూడా నీటిని ఇష్టపడదు. దాని మీద నీటిబొట్టు వేస్తే పరుచుకోకుండా గుండ్రంగా నిలబడుతుంది, ఆ బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం 100 డిగ్రీలు దాటుతుంది. చూడ్డానికి నున్నగా, శుభ్రంగా ఉంటుంది, ఏమీ అంటుకోదనిపిస్తుంది. జరిగేది దానికి ఎదురు. పైపు ఒంట్లోకి వెళ్లగానే దాని మీదకి ముందు చేరేవి బ్యాక్టీరియా కాదు, మన ప్రోటీన్లే, అదీ సెకన్లలో, నిమిషాల్లో. ప్రోటీన్ అంటే మడతపడి ఉన్న పొడవాటి గొలుసు, నీటితో పొసగని భాగాలను లోపల దాచుకుని, నీటితో పొసిగేవాటిని బయటికి పెట్టుకుని తిరుగుతుంది. సిలికాన్ దగ్గరికి రాగానే లోపల దాచుకున్న ఆ భాగాలకు తోడు దొరుకుతుంది, మడత విప్పుకుని అక్కడే పరుచుకుపోతుంది. సిలికాన్ పక్కన ఇరుకుగా సర్దుకుని ఉన్న నీటి అణువులకు కూడా ఇది విడుదలే, అవి వెళ్లి మిగతా నీళ్లలో కలిసిపోతాయి. రెండు పక్షాలకూ లాభం కాబట్టి బేరం వెంటనే కుదురుతుంది, మళ్లీ విడిపోవడం చాలా కష్టం.

ఇలా ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడేది) లాంటి ప్రోటీన్లు ఒక పొరగా పేరుకున్నాక బ్యాక్టీరియా వస్తుంది. మన చర్మం మీద ఏ గొడవా లేకుండా బతికే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి వాటికి కూడా ఆ ప్రోటీన్లను గుర్తుపట్టి పట్టుకునే కొక్కేలు ఉంటాయి. మొదట్లో పట్టు వదులుగా ఉంటుంది, ఆ తర్వాత గట్టిపడుతుంది, ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, గుంపు పెరిగేకొద్దీ చక్కెరలూ ప్రోటీన్లూ కలిసిన జిగురు వదిలి తమ చుట్టూ ఒక గూడు కట్టుకుంటాయి. దాన్నే బయోఫిల్మ్ అంటారు, 1978లో బిల్ కోస్టర్టన్, ఆయన తోటివాళ్లు రాసిన వ్యాసంతో ఈ సంగతి అందరి దృష్టికీ వచ్చింది. గూట్లో ఉన్న బ్యాక్టీరియాను చంపాలంటే, విడిగా తిరిగేదానికి సరిపోయే మందు కన్నా కొన్నిసార్లు వెయ్యి రెట్లు దాకా కావాలి. రోగికి అంత మందు ఎక్కించలేరు. అందుకే జ్వరం తగ్గకపోతే డాక్టరు ఇంజెక్షన్ మార్చడంతో ఆగకుండా "పైపు తీసేయండి" అంటాడు.

సముద్రం పక్కన ఉన్నవాళ్లకి ఇదంతా కొత్తేమీ కాదు. కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా పడవ దించిన ఎవరినైనా అడగండి, అడుగున ముందు జారుడుగా జిగురు పడుతుంది, దాని మీద నాచు, ఆ మీద గుల్లలు, చివరికి డీజిల్ ఖర్చు పెరిగి ఒడ్డుకి లాగి గోకాల్సి వస్తుంది. ఆ మొదటి జిగురు కూడా బయోఫిల్మే. రొయ్య పిల్లల హేచరీల వాళ్లకైతే ఇది ఇంకా బాగా తెలుసు. ట్యాంకులు కడిగి, నీళ్లు మార్చి, మందు కొట్టినా విబ్రియో అనే బ్యాక్టీరియా మళ్లీ వస్తూనే ఉంటుంది, ఎందుకంటే అది నీళ్లలో మాత్రమే కాదు, పైపుల లోపలి గోడలకు పట్టుకుని ఉంటుంది. విబ్రియో హార్వేయి సోకిన ట్యాంకు రాత్రి లైట్లార్పితే వెలుగుతుంది. పిల్లలు పోతున్నాయన్న టెన్షన్‌లో ఆ వెలుగు అందం ఎవరికీ పట్టదు గానీ, సైన్సుకి మాత్రం అది పెద్ద మేలు చేసింది. సముద్రపు వెలుగు బ్యాక్టీరియా తమ గుంపు తగినంత పెరిగే దాకా ఆగి అప్పుడే వెలుగుతాయని 1970లో కెన్ నీల్సన్, వుడీ హేస్టింగ్స్ చూపించారు. అంటే అవి రసాయనాల ద్వారా తమ సంఖ్యను తెలుసుకుంటాయి. బయోఫిల్మ్ ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు వదలాలి అనే నిర్ణయాలు కూడా చాలా బ్యాక్టీరియాలో ఈ లెక్కతోనే ముడిపడి ఉన్నాయి. అందుకే గుంపు కట్టక ముందే, అసలు మొదటి ప్రోటీన్ అంటుకోక ముందే ఆపితే పని సగం అయినట్టే అని పూతల వాళ్ల ఆలోచన.

మరి నీళ్లు ఎలా ఆపుతాయి? బస్టాండులో కావలి బస్సు వచ్చీరాగానే కిటికీలోంచి సీటు మీద టవల్ వేస్తారు చూడండి, ఎక్కినవాడికి సీటు ఖాళీగానే కనిపిస్తుంది కానీ కూర్చోవడానికి లేదు. హైడ్రోఫిలిక్ పాలిమర్ (చిన్న ముక్కలు గొలుసులా కలిసిన పెద్ద అణువు) మీద నీటి అణువులు చేసేది అదే. పాలిమర్ గొలుసులో ప్రతి భాగమూ నీటిని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ప్రోటీన్ వచ్చి అంటుకోవాలంటే ముందు ఆ నీటిని లేపాలి, లేపడానికి శక్తి ఖర్చవుతుంది, ఆ ఖర్చుకి తగ్గ లాభం అక్కడ దొరకదు. సిలికాన్ దగ్గర నీళ్లు తప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి, ఇక్కడ లేవు, తేడా అంతా అక్కడే ఉంది. దీనికి తోడు పొడవాటి గొలుసులు కుచ్చులాగా నిలబడి నీళ్లలో కదులుతూ ఉంటాయి, ఏదైనా వచ్చి నొక్కితే ఆ కదలికకి చోటు తగ్గుతుంది, కాబట్టి అవి తిరిగి నెట్టేస్తాయి. నీళ్లు, కుచ్చు, రెండూ కలిసి కాపలా కాస్తాయి.

ఇంతవరకూ విని నీటిని పట్టే ఏ వస్తువైనా సరిపోతుందనుకుంటే పొరపాటు. గాజు నీటిని ఇష్టపడుతుంది, అయినా గాజు మీద బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. నీటిని ఇష్టపడుతూనే పైన పాజిటివ్ చార్జి మోసే పూతలైతే ఇంకా ఘోరం, బ్యాక్టీరియా ఉపరితలం ఎక్కువగా నెగెటివ్ కాబట్టి వాటినే రమ్మని పిలిచినట్టవుతుంది. హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం రకరకాల రసాయన సమూహాలను ఒక్కొక్కటిగా ఉపరితలం మీద పెట్టి, ప్రోటీన్ దేనికి అంటుతుందో దేనికి అంటదో చూసి, 2001లో కొన్ని గుర్తులు చెప్పింది: నీటిని ఇష్టపడాలి, హైడ్రోజన్ బంధంలో (అణువులు హైడ్రోజన్ ద్వారా ఒకదాన్నొకటి పట్టుకోవడం) ఎదుటివాళ్లు ఇచ్చే హైడ్రోజన్‌ను అందుకునేదిగా ఉండాలి గానీ తను ఇచ్చేదిగా ఉండకూడదు, మొత్తం మీద చార్జి సున్నా కావాలి. మినహాయింపులు ఉన్నా ఇప్పటికీ కొత్త పాలిమర్ తయారుచేసేవాళ్లు ముందు చూసేది ఈ గుర్తులనే.

వీటికి సరిగ్గా అతికే పాతకాపు పాలీఇథిలీన్ గ్లైకాల్, అందరూ పెగ్ అంటారు. మలబద్ధకానికి ఇచ్చే పొడిలో ఉండేదీ ఈ కుటుంబమే. కుచ్చులాగా నాటితే ప్రోటీన్‌ను బాగా ఆపుతుంది, కానీ ఒంట్లో ఉండేకొద్దీ ఆక్సీకరణ వల్ల నెమ్మదిగా తెగిపోతుంది, పైగా కొందరి ఒంట్లో దానికి యాంటీబాడీలు కూడా ఉంటాయి. తర్వాత వచ్చినవి జ్విట్టర్‌అయాన్ పాలిమర్లు. పేరు నోరు తిరగదు గానీ విషయం తేలికే: గొలుసులో ప్రతి ముక్క మీదా ఒక ప్లస్, ఒక మైనస్ పక్కపక్కనే ఉంటాయి, మొత్తం కలిపితే సున్నా. చార్జి ఉన్నచోట నీటి పట్టు మరీ గట్టిగా ఉంటుంది, అటు మొత్తం సున్నా కాబట్టి ప్రోటీన్‌ను పిలిచే లాగుడు ఉండదు. పెగ్‌లో ఒక్కో ముక్క సుమారు ఒక నీటి అణువును గట్టిగా పట్టుకుంటే, సల్ఫోబీటైన్ అనే రకంలో ఒక్కో ముక్క ఏడెనిమిదింటిని పట్టుకుంటుందని కొలిచారు. మంచి జ్విట్టర్‌అయాన్ పూత మీద ప్రోటీన్ చదరపు సెంటీమీటరుకు 5 నానోగ్రాముల లోపే ఆగిపోతుంది, పూత లేని ఉపరితలం మీద ఇది వందల్లో ఉంటుంది.

ఈ ఉపాయం మన ఒంట్లోనే ఉంది, ఎర్ర రక్తకణం బయటి పొర మీద. అక్కడ ఎక్కువగా ఉండే కొవ్వు అణువు తల భాగం ఫాస్ఫోరిల్‌కోలిన్, ప్లస్ మైనస్ రెండూ ఉన్నదే. రక్తంలో అంత ప్రోటీన్ మధ్య ఈదుతున్నా కణానికి ఏదీ అంటుకోకపోవడంలో దాని పాత్ర ఉంది. జపాన్‌లో కజుహికో ఇషిహారా 1980ల చివర్లో ఆ తల భాగాన్నే పాలిమర్‌గా గుచ్చే పద్ధతిని పనికొచ్చే స్థాయికి తెచ్చాడు, ఎంపీసీ పాలిమర్ అంటారు. కృత్రిమ తుంటి కీలు లోపలి గిన్నె మీద, గుండెకు సాయంగా రక్తాన్ని పంపే పంపు లోపల దాన్ని పూస్తున్నారు, ఆ రకం రసాయనం కలిసిన కాంటాక్ట్ లెన్సులూ ఉన్నాయి.

పూత మంచిదే, దాన్ని నిలబెట్టడమే అసలు తలనొప్పి. నీటిని అంతగా ఇష్టపడే పదార్థం నీటిని అసలిష్టపడని సిలికాన్ మీద ఎందుకు నిలుస్తుంది? అందుకే ఉపరితలాన్ని ప్లాస్మాతో (రక్తంలోది కాదు, విద్యుత్తుతో చార్జి ఎక్కించిన వాయువు) రేపి, లేదా అల్ట్రావయొలెట్ కాంతి కొట్టి, గొలుసులను అక్కడి నుంచే మొలిపిస్తారు. ఇంకో దారి ఆల్చిప్పల్లాంటి సముద్రపు చిప్పల దగ్గర దొరికింది. రాళ్లకు పట్టే మసెల్ అనే రకం, అలలు కొడుతున్నా, తడి రాయి మీద కూడా డోపా అనే రసాయనంతో అతుక్కుంటుంది. దానికి దగ్గరి చుట్టమైన డోపమైన్‌ను కొద్దిగా క్షారగుణం ఉన్న నీళ్లలో వేసి వస్తువును ముంచితే, ప్లాస్టిక్ గానీ ఇనుము గానీ, దాదాపు దేని మీదైనా పలుచటి పొర పట్టేస్తుందని 2007లో ఫిలిప్ మెసర్‌స్మిత్ బృందం చూపించింది. ఆ పొర మీద జారుడు పాలిమర్‌ను కట్టేస్తారు. పడవల అడుగున పట్టి ప్రాణం తీసే జాతి దగ్గరే, ఏదీ పట్టనివ్వని పూతకి జిగురు దొరకడం నాకు భలే నచ్చిన విషయం.

ఊడొస్తే మాత్రం ప్రమాదమే. రక్తనాళాల్లోకి పంపే కొన్ని వైర్లు, పైపుల మీది జారుడు పూత ముక్కలుగా లేచిపోతోందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015 నవంబర్లో డాక్టర్లను హెచ్చరించింది. రక్తంలో కలిసిన ముక్క ఎక్కడికి పోయి అడ్డుపడుతుందో చెప్పలేం.

ఇక చంపే పూతలు, ఆపే పూతలు అనే తేడా దగ్గరికొద్దాం, షాపులో ఎక్కువ మోసపోయేది ఇక్కడే. యాంటీబ్యాక్టీరియల్ అని రాసి ఉన్న ప్రతిదీ నీటి పూత కాదు, చాలావాటిలో వెండి గానీ యాంటీబయోటిక్ గానీ ఉంటుంది. అవి నెమ్మదిగా కారుతూ చుట్టూ ఉన్న బ్యాక్టీరియాను చంపుతాయి, సరుకు అయిపోయాక ఆగిపోతాయి, చచ్చిన బ్యాక్టీరియా అక్కడే పేరుకుంటే దాని మీద బతికున్నవి దిగుతాయి. తక్కువ మోతాదులో మందు చాలాకాలం కారితే మందుకి లొంగని రకాలు పెరిగే భయం సరేసరి. ఆపే పూతలో చంపడం లేదు కాబట్టి తట్టుకుని ఎదురుతిరగడానికి బ్యాక్టీరియాకు అంత ఒత్తిడి ఉండదు. మందుకి లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాతో ఐసీయూలు అల్లాడుతున్న కాలంలో నా మొగ్గు ఆపే పూతల వైపే.

చంపే పూతల మీద బ్రిటన్‌లో పెద్ద పరీక్ష జరిగింది, 24 ఆసుపత్రులు, 7,102 మంది రోగులు, ఫలితం 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొద్దిరోజులకి యూరిన్ పైపు పెట్టినవాళ్లని మూడు గుంపులు చేశారు. మామూలు పైపు వాళ్లలో ఆరు వారాల్లో లక్షణాలతో ఇన్ఫెక్షన్ వచ్చింది 12.6 శాతం మందికి, వెండి పైపు వాళ్లలో 12.5. అంటే తేడా లేదు. నైట్రోఫ్యూరాల్ అనే మందు నింపిన పైపు వాళ్లలో 10.6, కాస్త తగ్గినా లెక్కలోకి తీసుకునేంత కాదన్నారు, పైగా ఇబ్బంది ఎక్కువ. నైట్రోఫ్యూరాల్ పేరు వింటే మన చెరువుల వాళ్లకి ఒళ్లు జలదరించాలి, రొయ్యల్లో అవశేషం దొరికితే కంటైనర్ వెనక్కి వచ్చే నైట్రోఫ్యూరాన్ల కుటుంబంలోదే అది, రొయ్యల సాగులో నిషేధం.

ఆ పరీక్షలో ఇంకో మెలిక ఉంది, ఆ వెండి పైపు మీద నీటిని పట్టే హైడ్రోజెల్ పూత కూడా ఉంది. అయినా లాభం రాలేదు. ల్యాబులో నూటికి తొంభై పాళ్లకి పైగా బ్యాక్టీరియాను ఆపే పూతలు మంచం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడతాయి? ఒక కారణం, చాలా పైపులకు పూత బయటి వైపే ఉంటుంది. బ్యాక్టీరియా బయటి గోడ వెంబడే కాకుండా లోపలి దారిన, బ్యాగు నుంచి కూడా పైకి పాకుతుంది. బ్యాగును మంచం మీద పెట్టేసినా, బ్యాగు మార్చేటప్పుడు కనెక్షన్ విప్పి ఎక్కడంటే అక్కడ వదిలినా లోపలికి తలుపు తీసినట్టే. రెండో కారణం ప్రోటియస్ మిరాబిలిస్ అనే బ్యాక్టీరియా. అది యూరియాను విడగొట్టి అమ్మోనియా చేస్తుంది, మూత్రం క్షారంగా మారి రాళ్లలాంటి పెచ్చులు కడతాయి, ఆ రాతి పొర కింద ఎంత మంచి నీటి పూత అయినా పూడిపోతుంది, చివరికి పైపే మూసుకుపోతుంది. మూడోది కాలం. పైపు ఉన్న ప్రతి రోజుకీ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం, నెల తిరిగేసరికి దాదాపు అందరిలోనూ చేరుతుంది. పూత ఆ రోజును కాస్త వెనక్కి నెట్టగలదేమో గానీ రద్దు చేయలేదు. "ఇన్ఫెక్షన్ రాదు" అన్న మాట అక్కడ తప్పు, "కాస్త ఆలస్యం కావచ్చు" అంటే ఒప్పుకోవచ్చు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరును "పైపు ఇంకా అవసరమా సార్" అని రోజూ అడగడం పూతకి పెట్టే డబ్బు కన్నా ఎక్కువ పని చేస్తుంది, దానికి ఖర్చు కూడా లేదు.

ఖరీదైన పూతకి నేను డబ్బు పెట్టమని చెప్పే చోటు ఒకటుంది. హైవే మీద యాక్సిడెంట్లలో వెన్నుపూస దెబ్బతిని, మూత్రం తమంతట తాము పోసుకోలేని కుర్రాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. వాళ్లు పైపును రోజంతా లోపలే ఉంచుకోనక్కర్లేదు, రోజుకి నాలుగైదు సార్లు తామే పెట్టుకుని, ఖాళీ చేసుకుని తీసేయవచ్చు. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1980ల నుంచి దీనికి నీళ్లలో ముంచితే జారుడుగా మారే, పీవీపీ అనే పాలిమర్ పూత ఉన్న పైపులు వస్తున్నాయి. ఇక్కడ పూత మొదటి పని ఒరిపిడి తగ్గించడం, లోపలి దారి గీసుకుపోకుండా చూడడం. ఏళ్ల తరబడి రోజుకి నాలుగైదు సార్లు చేసే పనిలో అది చిన్న విషయం కాదు. కాకపోతే ఒక్కసారి వాడి పారేయాలి, కడిగి దాచుకుంటే ఆరిపోయి జారుడు పోతుంది, ఆ తర్వాత జారడం మాట అటుంచి అంటుకుంటుంది. ఒకే పైపును కడిగి వాడుకోక తప్పనివాళ్లకి పూత లేనిదే మేలు.

కనిగిరి, పామూరు వైపు డయాలసిస్ చేయించుకునేవాళ్ల సంగతి వేరు, అక్కడ పైపు ఉండేది రక్తంలో. మెడ దగ్గర పెట్టిన పైపు చుట్టూ ఫైబ్రిన్ (ఫైబ్రినోజెన్ నుంచి తయారయ్యే పోగుల ప్రోటీన్) తొడుగు పేరుకుంటుంది, గడ్డ కట్టేదీ అదే, బ్యాక్టీరియాకి ఇల్లయ్యేదీ అదే. అందుకే ప్రోటీన్‌ను ఆపే పూత ఇక్కడ రెండు సమస్యల మీదా పని చేయాలి, సల్ఫోబీటైన్ పూతలు ఈ దిశలో జంతువుల్లో ఆశ కలిగించాయి. కానీ రక్తానికి అన్నిటికన్నా మంచి పూత రక్తనాళం లోపలి గోడ మీద ముందే ఉంది, గ్లైకోకేలిక్స్ అంటారు, నీటిని పీల్చుకున్న చక్కెర గొలుసుల కుచ్చు, తెగిన చోట కణాలే మళ్లీ నేస్తాయి. చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసే ఫిస్టులాలో ఇన్ఫెక్షన్లు మెడ పైపు కన్నా బాగా తక్కువ ఉండడానికి, అక్కడ బయటి వస్తువంటూ ఏదీ లేకపోవడమే పెద్ద కారణం. దాన్ని చేశాక సూది గుచ్చేంత గట్టిపడడానికి వారాలు పడుతుంది, నెలలు కూడా పట్టవచ్చు. కాబట్టి "డయాలసిస్ దాకా వచ్చినప్పుడు చూద్దాంలే" అనుకోకుండా కిడ్నీ డాక్టరు చెప్పినప్పుడే చేయించుకోవాలి, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, పరీక్షకని రక్తం కూడా రెండో చేతి నుంచే తీయమనాలి.